ఎర్రన్న మంచివాడైన మూడు నెలలు

2005 మార్చిలో నన్ను డెప్యుటేషన్ మీద పోర్ట్ బ్లెయిర్ పంపించారు. హోదా స్పెషలిస్ట్ గ్రేడ్ టూ, సైకియాట్రీ. సునామీ దెబ్బ తగిలిన ఊళ్ళలో మానసిక వైద్య శిబిరాలు నడపాలి. అప్పటికి విశాఖపట్నంలో పదిహేనేళ్ళ సర్వీసు నాది. తెలుగూ హిందీ రెండూ వచ్చిన డాక్టరు కావాలని పైనుంచి అడిగారట. ఆ రెండోది నాకు వచ్చని వాళ్ళకి ఎవరు చెప్పారో ఇప్పటికీ తెలియదు.

బృందం అని కాగితాల్లో రాసేవారు గానీ, నిజానికి మేం ఇద్దరమే. నేనూ, సోషల్ వర్కర్ తపతీ. ఆమె అక్కడే పుట్టి పెరిగిన బెంగాలీ. బజారు హిందీ, పనికొచ్చేంత తెలుగు మాట్లాడేది. ప్రతి బుధవారం చాతం దగ్గర ఫెర్రీ ఎక్కి బాంబూఫ్లాట్‌లో దిగేవాళ్ళం. అక్కడ నేల కుంగిపోయి, పోటు వేళ ఉప్పునీళ్ళు ఇళ్ళ మధ్యకి వచ్చేవి. ఇళ్ళు పోయినవాళ్ళు గట్టు మీద రేకుల షెల్టర్లలో ఉండేవారు. వాళ్ళలో మన శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్థిరపడిన చేపలవేట కుటుంబాలు చాలా ఉండేవి. బడిలో ఒక గది మాకు ఇచ్చారు. ఒక బల్ల, మూడు కుర్చీలు, తలుపు దగ్గర బెంచీ. మేం వెళ్ళేసరికి పేషంట్లు వచ్చి కూర్చుని ఉండేవారు.

ఈ కూర్చుని ఉండటమనే సంగతి తర్వాత నా మెడకి చుట్టుకుంది, అందుకని చెబుతున్నాను.

ఆ మార్చి నెలాఖరులో ఎర్రన్నని అతని భార్య పోలమ్మ లాక్కొచ్చింది. నలభై అయిదేళ్ళవాడు, డుంగీ మీద వేటకెళ్ళేవాడు. ఆ దీవుల్లో ఇంజను బిగించిన చిన్న పడవని డుంగీ అంటారు. అతని డుంగీ సునామీలో పక్క పగిలింది. తాగుడు, కొట్లాట, పెళ్ళాన్ని కొట్టడం. గదిలోకి వస్తూనే బెంచీ మీదున్న ముసలాయనతో చోటు కోసం తగువు పెట్టుకున్నాడు. ఆ రోజుల్లో ఎవరు తాగినా సముద్రం పేరు చెప్పేవారు, మేమూ రాసుకునేవాళ్ళం. అలాగే రాయబోతుంటే పోలమ్మ అడ్డుపడింది.

"సముద్రం మీదకి తొయ్యకు తల్లీ. అది రాకముందు ఇరవయ్యేళ్ళ నుంచీ ఇలగే తాగుతున్నాడు."

ఆమె నన్ను నువ్వనే అనేది. అందులో అమర్యాద లేదు, వాళ్ళ ఊరి మాటే అంత.

మా కేసు షీటులో భర్తీ చెయ్యాల్సిన గడులుండేవి. గాయాల గురించి ఒకే ఒక గడి ఉంది: ఆ రోజున తగిలిన దెబ్బలు. ఆ రోజంటే డిసెంబరు ఇరవయ్యారు. ఆ ఏడాది మా కాగితాలన్నీ ఆ ఒక్క రోజు గురించే అడిగేవి. ఎర్రన్నకి ఆ రోజు చిన్న గీత కూడా పడలేదు. "లేవు" అని రాశాను. తర్వాత వచ్చిన ప్రతిసారీ ఆ గడిలో "పైదే" అని పెట్టుకుంటూ పోయాను. ఇంకో గడి ఉంటుంది, రోగి గురించి చెప్పినవాళ్ళు ఎవరు, వాళ్ళ మాట నమ్మొచ్చా అని. అక్కడ "భార్య, నమ్మదగినది" అని రాశాను. అది సైకియాట్రిస్టులు చెయ్యి తిరిగినట్టు రాసేసే మాట. ఆలోచించి రాసేది కాదు.

ఏప్రిల్లో ఎర్రన్నని తాగుడు మానాలనుకునేవాళ్ళ గుంపులో చేర్చాను. అతను మానాలనుకోలేదు, పోలమ్మ అనుకుంది. ఆ గుంపుకి నేనొక ప్లాస్టిక్ మెదడు బొమ్మ పట్టుకెళ్ళేదాన్ని, ముక్కలుగా ఊడదీసి చూపించేది. తాగుడు అనేది బుద్ధి గడ్డి తినటం కాదు, మెదడులో ఒక దారి అలవాటు పడిపోవటం అని చెప్పేదాన్ని. లోపల లోతున కోరిక పుట్టించే చోటు ఉంటుంది. ఏదైనా సుఖం దొరికితే మళ్ళీ కావాలని అదే పోరు పెడుతుంది. నుదురు వెనకాల ముందుభాగం ఉంటుంది. ఆగు, రేపటి సంగతి చూడు అనేది అది. వేటగాళ్ళకి అర్థం కావాలని, లోపలిది ఇంజను, ముందుది చుక్కాను అనేదాన్ని. ఏళ్ళ తరబడి మందు తాగితే చుక్కాను వదులైపోతుంది, మానేస్తే మెల్లగా బిగుస్తుంది. ఇందులో అబద్ధం లేదు. కాకపోతే మెదడు ఇంత సుళువుగా ముక్కలు ఊడి రాదు, అంతే.

మే నెల వచ్చేసరికి ఎర్రన్న తాగటం మానేశాడు. అరుపుల్లేవు, కొట్టడం లేదు. పెట్టింది తింటున్నాడు, చెప్పినచోట కూర్చుంటున్నాడు. పోలమ్మ ముఖం నిండుగా కనిపించింది. ఎలా ఉన్నాడని అడిగితే, బంగారంలాగున్నాడు తల్లీ అంది. నా కౌన్సెలింగ్ పారిందని పొంగిపోయాను. దాచేదేముంది, ఆ దీవుల్లో అప్పటికి నాకు చూపించుకోటానికి వేరే ఏ ఫలితమూ లేదు. చుట్టూ పిల్లల్ని పోగొట్టుకున్న తల్లులు, నిద్రలేనివాళ్ళు, సముద్రం వైపు చూడలేనివాళ్ళు. వాళ్ళకి నేను చేయగలిగింది చాలా తక్కువ.

అందుకే చెయ్యకూడని పని చేశాను. జూన్లోనూ జులైలోనూ షెల్టర్లలో పెట్టిన మీటింగులకి ఎర్రన్నని పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాను. చూడండి, చుక్కాను బిగుసుకున్న మనిషి అని చూపించాను. అతను మెత్తగా నవ్వుతూ కూర్చునేవాడు. ఏమన్నా చెప్పమంటే, మేడమ్ సెప్పీసినారు గదా అనేవాడు. నేనది వినయమనుకున్నాను. ఒకసారి అరుగు ఎక్కటానికి బాగా ఆలస్యం చేశాడు, కాలు ఈడ్చినట్టనిపించింది. కాలికేమైందని అడిగాను. అతను నోరు తెరవకముందే పోలమ్మ, ముల్లు దిగిందమ్మా అంది. సరే అనుకున్నాను. పదిహేనేళ్ళ సర్వీసు ఉన్నదాన్ని, ఆ చెప్పు విప్పించి పాదం చూడలేదు.

ఆగస్టు రెండో బుధవారం వాళ్ళ కూతురు గౌరి వచ్చింది. డిగ్లీపూర్‌లో కాపురముంటోంది. తెల్లారగట్ల బస్సెక్కి రోజంతా ప్రయాణం చేసి ముందు రోజు సాయంత్రానికి ఇల్లు చేరింది. నేను గదిలో అడుగు పెట్టేసరికి నిలబడి ఉంది. తల్లి బయట ఉన్నప్పుడే చెప్పాలని తొందర పడింది.

"యే మేరే పాపా నహీ హై మేడమ్. మా నాన కాదు ఈయన. తాగినా తిట్టినా నేనొస్తే ముందు ఏం తిన్నావమ్మా అని అడుగుతాడు. ఈసారి అడగలేదు."

నాకు సరిగ్గా అర్థం కాలేదు. తాగటం మానేశాడుగా, నెమ్మదించాడుగా అన్నాను. నెమ్మది కాదు మేడమ్, రోజంతా పడుకునే ఉంటున్నాడు, రెండుసార్లు బట్టల్లోనే పోసుకున్నాడు, పొద్దున్న లేస్తే వాంతులు అంది. అమ్మ ఎవరికీ చెప్పొద్దందట.

అప్పుడు ఎర్రన్నని పిలిచి, గదిలో ఆ గోడ నుంచి ఈ గోడకి నడవమన్నాను. ఇన్ని నెలల్లో అతని నడక నేను సరిగ్గా చూసిందే లేదు, మేం వెళ్ళేసరికే బెంచీ మీద కూర్చుని ఉండేవాడు. ఎడమ కాలు నేలని రాసుకుంటూ వచ్చింది. ఎడమ చెప్పు ముందుభాగం అరిగి పల్చబడి ఉంది. కళ్ళు మూసి రెండు చేతులూ ముందుకి చాపమన్నాను. ఎడమ చెయ్యి తనంతట తనే మెల్లగా కిందకి వాలింది. మెడికల్ కాలేజీలో రెండో ఏడు పిల్లలకి నేర్పే పరీక్షలివి. తలకి ఎప్పుడైనా దెబ్బ తగిలిందా అని అడిగితే, షెల్టర్లలో ఎవరో అన్న మాట తపతికి గుర్తొచ్చింది. ఏప్రిల్లో డుంగీని బాగుచెయ్యటానికి కొబ్బరి దుంగల మీద గట్టుకి లాగుతుంటే తాడు తెగి, గెడకర్ర ఎగిరి అతని తలకి కొట్టుకుంది. కాసేపు కూర్చుని మళ్ళీ తాడు పట్టుకున్నాడు. ఒడ్డున ఉన్నవాళ్ళంతా చూశారు. ఎవరూ నాకు చెప్పలేదు, ఎందుకంటే ఎవరినీ నేను అడగలేదు. అది ఆ రోజున తగిలిన దెబ్బ కాదు.

స్కాన్ తీయించాం. పుర్రెకీ మెదడుకీ మధ్య, కుడివైపు ముందుభాగం మీద నెలవంక ఆకారంలో పాత నెత్తురు పేరుకుని ఉంది. చిన్న రక్తనాళం చిట్లి వారాల తరబడి ఊరుతూ వస్తుంది ఇది. తాగేవాళ్ళలో ఎక్కువ, మందు వల్ల మెదడు కొంచెం కుదించుకుపోయి లోపల ఖాళీ ఉంటుంది కనుక. ఆ నెత్తురు మెదడు ముందుభాగాన్ని నొక్కుతోంది. ముందుభాగం చేసేది ఆగమనటం ఒక్కటే కాదు. లే, వెళ్ళు, మొదలుపెట్టు అనేది కూడా అదే. నేను చుక్కాను బిగిసిందని ఊరందరికీ చూపించిన మనిషికి అసలు ఇంజనే ఆగిపోతోంది. తగువు పెట్టుకోవాలంటే లేవాలి, కొట్టాలంటే చెయ్యి ఎత్తాలి, మందుకి బజారు దాకా నడవాలి. కూతుర్ని ఏం తిన్నావని అడగాలన్నా ముందు ఏదో ఒకటి లోపల్నుంచి లేవాలి. అన్నీ కలిసి ఒకేసారి పడుకున్నాయి.

వైద్యం కష్టమైనది కాదు. పుర్రెకి రెండు చిల్లులు పెట్టి ఆ నెత్తురు బయటికి తీస్తారు. అయితే చెన్నై పంపాలి. దానికి రెఫరల్ బోర్డు అని ముగ్గురు డాక్టర్లం సంతకాలు పెట్టాలి, వెంట వెళ్ళే మనిషి పేరు రాయాలి, ఒప్పుదల పత్రం ఉండాలి. ఎర్రన్నని అడిగితే, మీ ఇట్టం అన్నాడు. ఆపరేషను వద్దా మరి అన్నాను. మీ ఇట్టం అన్నాడు. దేనికైనా సరేననే మనిషి ఒప్పుదలకి విలువ లేదు. కనుక భార్య సంతకం కావాలి.

పోలమ్మ పెట్టనంది.

నాకు ఒళ్ళు మండింది. నా మీద రావాల్సిన కోపం ఆమె మీద చూపించాను. ముల్లు దిగిందని అబద్ధం ఎందుకు చెప్పావు, ఇంకో రెండు వారాలు పోతే మనిషి నిద్రలోనే పోతాడు తెలుసా అని గట్టిగానే అడిగాను. బడి వరండాలో నేల మీద కూర్చుని ఉంది. నెమ్మదిగానే చెప్పింది.

"తెలుసు తల్లీ. నాకు తెలీకేటి, పక్కన పడుకునేదాన్ని. ఇరవై రెండేళ్ళలో ఈ మూణ్ణెల్లే నాను కాపురం చేసింది. ఆ నెత్తురు తీసీస్తే మల్లీ తాగుతాడా, తాగడా, అది సెప్పు."

చెప్పలేనన్నాను. చెప్పలేకనే చెప్పలేనన్నాను. ఒత్తిడి తీసేస్తే ముందుభాగం తేరుకుంటుంది. దానితో పాటు ఏది ముందు తేరుకుంటుందో, కోరికో నిగ్రహమో, ఏ పుస్తకంలోనూ లేదు. కొందరు అలవాటు మరిచిపోతారు, కొందరు మర్నాడే మొదలెడతారు. ఆమె ఇంకోటి అడిగింది.

"తాగుడంటే బుర్రలో జబ్బని నువ్వే సెప్పావు గదా మీటింగులో. ఇప్పుడు తాగకపోడం కూడా జబ్బే అంటున్నావు. మరి ఆడు ఆడిగా ఉండేది ఎప్పుడమ్మా?"

చెడ్డతనాన్ని మెదడు మీదకి తోసినంతసేపూ నాకు హాయిగానే ఉండేది, పేషంట్లకీ ఊరటగా ఉండేది. మంచితనాన్ని కూడా అదే గాటన కట్టెయ్యాల్సి వస్తుందని అంతవరకూ నాకు తట్టలేదు.

గౌరి తాను సంతకం పెడతానంది. పెద్దపిల్ల, రక్తసంబంధం, చట్టప్రకారం అడ్డేం లేదు. నేను పత్రంలో ఆమె పేరు కూడా రాసేశాను. తపతి ఆ పత్రం నా చేతిలోంచి తీసుకుని బల్ల మీద పెట్టింది. రుకో దీదీ, కాస్త ఆగండి అంది. తర్వాత పోలమ్మ పక్కన కూర్చుని ఒక్కటే అడిగింది, అతను మళ్ళీ తాగి కొడితే నువ్వు ఎక్కడికి వెళ్తావని. పోలమ్మ నవ్వేసింది. ఎక్కడికెళ్తాను, గది ఆడి పేరున ఉంది గదా అంది.

షెల్టర్లలో గదులు కుటుంబ పెద్ద పేరున కేటాయించేవారు. ఆ పెద్ద మగవాడే. నాకిది ఏనాడూ పేషంటు చరిత్రలో భాగమనిపించలేదు. తపతికి అనిపించింది. ఆమె రెండు రోజులు కచేరీ చుట్టూ తిరిగి, ఖాళీ అయిన ఒక చివరి గదిని పోలమ్మ పేరున రాయించింది. నా సిఫారసు ఉత్తరం మీద వైద్యకారణం అని రాయమంది, రాశాను. సంతకం కోసం గది ఎర వేస్తున్నామేమోనన్న గుంజాటన నాకుండేది. వైద్యనీతి పాఠం ప్రకారం ఒప్పుదలకి ఏ ఆశా చూపించకూడదు. ఆ మాట తపతితో అంటే, ఆశ కాదు దీదీ, తలుపు అంది.

మూడో రోజు పోలమ్మ వచ్చి వేలిముద్ర వేసింది. తనే వెంట వెళ్తానంది. గౌరి ఏడ్చింది, పోలమ్మ ఏడవలేదు. ఆ మధ్య రెండు రోజుల్లో ఎర్రన్నకి మగత ఎక్కువై ప్రాణం మీదకి వస్తే ఎవరిది బాధ్యత అని నన్ను ఎవరూ అడగలేదు. నేను మాత్రం ప్రతి గంటకీ అడుగుతూనే ఉన్నాను. గౌరి సంతకంతో మొదటిరోజే పంపి ఉండాల్సిందా అన్నది నేను ఇంకా తేల్చుకోలేదు.

ఆపరేషను బాగా జరిగింది. సెప్టెంబరులో తిరిగొచ్చారు. బాంబూఫ్లాట్ జెట్టీలో దిగుతూనే ఎర్రన్న బస్తా సరిగ్గా దించలేదని ఫెర్రీ మనిషితో పోట్లాడాడట. ఇంటికెళ్ళగానే గౌరికి ఫోను చేయించి, ఏం తిన్నావని అడిగాడట. రెండూ ఒకే రోజు జరిగాయని పోలమ్మ నాకు చెప్పింది. ఏది ముందు చెప్పాలో తెలియనట్టు చెప్పింది.

నేను మీటింగు పెట్టి జరిగింది జరిగినట్టు చెప్పుకున్నాను. ఎర్రన్న మానటం నా గొప్ప కాదు, అది దెబ్బ వల్ల, నేను కనిపెట్టలేకపోయాను అన్నాను. వెనక వరసలోంచి ఒకావిడ లేచి, అయితే మేడమ్, మా ఆయనకీ ఓ కర్ర తగిలిస్తే మానతాడా అంది. ఆడవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను గానీ, ఆ తర్వాత ప్లాస్టిక్ మెదడు తీసి చూపించాలంటే చెయ్యి రాలేదు.

అక్టోబరులో ఎర్రన్న శిబిరానికి తనే నడిచొచ్చాడు. ఆ మూడు నెలలు ఎలా ఉండేదని అడిగాను. లోపలి కోరిక తగ్గిందా, ఉండి ఆపుకున్నాడా అని తెలుసుకోవాలని నా ఆశ. అతను తల మీద కుట్ల మచ్చలు తడుముకుంటూ చెప్పాడు.

"తాగాలనిపించక కాదు మేడమ్. లెగాలనిపించలేదు. అంతే. ఇప్పుడు లెగుస్తున్నాను గదా."

నవంబరులో తాగాడు. కొట్టబోతే పోలమ్మ చాప చంకన పెట్టుకుని తన గదికి పోయి గడియ పెట్టుకుంది. అతను తలుపు బాది, తిట్టి, అలిసిపోయి వెళ్ళిపోయాడు. రెండు రోజుల తర్వాత తాగకుండా వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు. ఆమె పొద్దుపోయే దాకా తలుపు తియ్యలేదు, తర్వాత తీసి అన్నం పెట్టింది. నేను 2009లో డెప్యుటేషన్ ముగించి వచ్చేదాకా అలాగే సాగింది. తాగిన రోజు ఆ గదిలో చోటు లేదు, తాగని రోజు ఉంది. మొదటేడు కన్నా నాలుగో ఏడు తాగని రోజులు ఎక్కువే. ఎక్కువని ఆమె చెప్పిన మాటే నా దగ్గరున్న ఆధారం. అది అతని మెదడు తేరుకోవటం వల్లా, తలుపుకున్న గడియ వల్లా, వయసు వల్లా అని ఎవరన్నా అడిగితే నాకు తెలియదు. ఒక్కటి మాత్రం చెప్పగలను. ఆ రోజుల్లో అతను లేవగలడు, బజారు దాకా నడవగలడు, నడవలేదు. మే నుంచి ఆగస్టు దాకా నేను మెచ్చుకున్నదాంట్లో అది లేదు.

వచ్చేసే ముందు పోలమ్మని అడిగాను, అప్పుడు మేలా ఇప్పుడు మేలా అని. అప్పుడే మేలు తల్లీ అంది, వెంటనే, తడుముకోకుండా.

ఈ కేసు తర్వాత నా పద్ధతి ఒకటి మారింది. ఎవరైనా ఉన్నట్టుండి మంచివాడయ్యాడని ఇంట్లోవాళ్ళు చెబితే, సంతోషించే ముందు అతన్ని గది ఆ చివర నుంచి ఈ చివరకి నడిపించి చూసేదాన్ని, పాదాలు చూసేదాన్ని, ఎప్పుడు తగిలిందైనా సరే తలకి దెబ్బ గురించి అడిగేదాన్ని. మొత్తం పరీక్షకి రెండు నిమిషాలు చాలు. మే నెలలో ఆ రెండు నిమిషాలు నేను పెట్టి ఉంటే ఎర్రన్న ప్రాణం అంత అంచుకి వెళ్ళేది కాదు. పోలమ్మకి ఆ మూడు నెలలూ ఉండేవి కావు.